రౌండబౌట్‌లోకి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తెనాలి. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాను, మూడేళ్లుగా స్విండన్‌లో ఉంటున్నాం. ఊళ్లో స్కూటీ బాగానే నడిపేదాన్ని. కారు మాత్రం ఇక్కడికి వచ్చాకే నేర్చుకుంటున్నాను. రెండుసార్లు టెస్ట్ ఫెయిలయ్యాను, రెండుసార్లూ రౌండబౌట్ (మధ్యలో దిమ్మె చుట్టూ బండ్లు తిరుగుతూ వెళ్లే కూడలి) దగ్గరే. మొదటిసారి, వెళ్లే వీలున్నా వెళ్లకుండా ఆగిపోయానని ఫెయిల్ చేశారు. రెండోసారి ఆ మాట గుర్తుపెట్టుకుని వెళ్లాను. కుడి పక్క నుంచి వస్తున్న వ్యాన్ అతను బ్రేక్ కొట్టాల్సి వచ్చింది, మళ్లీ ఫెయిల్. ఆగితే తప్పు, వెళ్తే తప్పు! మా ఇన్‌స్ట్రక్టర్ "సేఫ్ అనిపించినప్పుడు వెళ్లు" అంటారు. ఆ సేఫ్ ఎప్పుడో నాకెలా తెలియాలి? థియరీ పాసై ఏడాదిన్నర దాటింది. మా వారు క్లచ్ లేని ఆటోమేటిక్ కారుకి మారిపొమ్మంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక చెల్లి, స్విండన్

సమాధానం: చెల్లి అని సంతకం పెట్టావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నీ రెండు ఫెయిల్స్‌నీ రెండు వేర్వేరు తప్పులుగా చూస్తున్నావు, అందుకే ఎటూ దారి లేనట్టు అనిపిస్తోంది. నాకు మాత్రం ఆ రెండింట్లోనూ ఒకే తప్పు కనిపిస్తోంది. రెండుసార్లూ నువ్వు రౌండబౌట్ ముందుండే తెల్ల గీత దాకా వచ్చి, అక్కడ ఆగి, అప్పుడు తల కుడి వైపు తిప్పి, అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టి ఉంటావు. మొదటిసారి ఆలోచన పూర్తయ్యేలోపు బండ్ల మధ్య గ్యాప్ అయిపోయింది. రెండోసారి ఆలోచన పూర్తి కాకుండానే కాలు కదిలింది. ఈ దేశంలో పదిహేనేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. మన దగ్గర నుంచి వచ్చిన వాళ్లలో ఎక్కువ మందికి ఇదే ఇబ్బంది. ధైర్యం లేక కాదు, చూడటం ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల.

ముందు సేఫ్ అంటే ఏమిటో తేల్చుకుందాం. రౌండబౌట్ ఖాళీగా ఉండటం సేఫ్ అనుకుంటే స్విండన్‌లో సాయంత్రం ఐదింటికి నువ్వు రాత్రి దాకా ఆగాలి. నేను నా స్టూడెంట్స్‌కి చెప్పేది ఇది: నువ్వు లోపలికి వెళ్లడం వల్ల కుడి వైపు నుంచి వచ్చే ఎవరూ బ్రేక్ మీద కాలు పెట్టకూడదు, స్టీరింగ్ పక్కకి తిప్పకూడదు. వాళ్లు ఏ వేగంతో వస్తున్నారో అదే వేగంతో, ఏ దారిలో వెళ్తున్నారో అదే దారిలో వెళ్లిపోగలగాలి. అలా వెళ్లగలిగితే నువ్వు వెళ్లొచ్చు. ఎగ్జామినర్ చూసేదీ అదే. వ్యాన్ అతను బ్రేక్ వేశాడంటే నీ జవాబు తప్పని అతని బ్రేక్ లైట్లు చెప్పేశాయి.

కుడి వైపుకే ఎందుకంత మర్యాద అని మొదట్లో నాకూ అర్థమయ్యేది కాదు. బ్రిటన్‌లో 1966కి ముందు ఈ నియమం లేదు. లోపల తిరిగే బండీ, బయట నుంచి వచ్చే బండీ ఎవరికి వీలైతే వాళ్లు దూరేవాళ్లు. రద్దీ పెరిగేసరికి వచ్చేవాళ్లు లోపలికి చొరబడి, లోపల ఉన్నవాళ్లు బయటకి రాలేక, మొత్తం చక్రం బిగుసుకుపోయేది. మన ఊళ్లలో సిగ్నల్ పని చేయని సర్కిల్ దగ్గర సాయంత్రం పూట ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. 1966 నవంబరులో, కుడి వైపు నుంచి వచ్చే బండికి, అంటే అప్పటికే లోపల తిరుగుతున్న బండికి, దారి ఇవ్వాలని నియమం పెట్టారు. అప్పటి నుంచి లోపలి చక్రం తిరుగుతూ ఉంటుంది, ఆగాల్సిందల్లా బయటే ఆగుతుంది. నువ్వు గీత దగ్గర ఆగుతున్నది భయంతో అనుకోకు. ఆ చక్రం ఆగకుండా తిరగడానికి నీ వంతు పని చేస్తున్నావు. ఈ కారణం మనసుకి పట్టాక, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు వెళ్లాలో సగం దానంతట అదే తెలుస్తుంది.

మన దేశంలోనూ కూడళ్ల దగ్గర కుడి వైపు బండికి దారి ఇవ్వడమే చట్టం. అలవాటు మాత్రం వేరు. స్కూటీ నడిపినదానివి, నీకు తెలుసు: బండి ముక్కు కొంచెం కొంచెంగా లోపలికి పెడతాం, హారన్ కొడతాం, అవతలివాడు తగ్గుతాడు, మనం వెళ్తాం. అక్కడ అది ఒక రకమైన మాట్లాడుకోవడం. ఇక్కడ గీత దాటి ముక్కు పెడితే అవతలివాళ్లకి అది మాటలా వినిపించదు, ప్రమాదంలా కనిపిస్తుంది. గీత దగ్గర అంగుళం అంగుళం ముందుకి జరిగే అలవాటు నీలో ఉందేమో ఒకసారి గమనించుకో. ఉంటే ముందు దాన్ని మానాలి. గీత ఇవతల పూర్తిగా ఆగు, లేదా పూర్తిగా వెళ్లు. మధ్యలో ఉండొద్దు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఆ వ్యాన్ సంగతి నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. నువ్వు కుడి వైపు ఒక్కసారి చూశావు. వ్యాన్ దూరంగానే ఉంది. వెళ్లావు. ఒక్క చూపులో దూరం తెలుస్తుంది కానీ వేగం తెలియదు. వేగం తెలియాలంటే రెండు చూపులు కావాలి. ఒకసారి చూడు, ముందుకి చూడు, మళ్లీ చూడు. ఈలోపు ఆ బండి కంటికి ఎంత పెద్దదైందో దాన్ని బట్టి దాని వేగం తెలుస్తుంది.

లెక్కలో చెబితే ఇంకా తేలిగ్గా ఉంటుంది. గంటకి 20 మైళ్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 9 మీటర్లు వస్తుంది. 30 మైళ్లయితే 13 మీటర్లకి పైనే. ఆగి ఉన్న కారుని ఫస్ట్ గేర్‌లో కదిలించి, లోపలికి వెళ్లి, అక్కడి వేగం అందుకోవడానికి నేర్చుకునేవాళ్లకి నేను చూసినంతలో నాలుగు సెకన్ల దాకా పడుతుంది. అంటే 20 మైళ్ల వేగంతో వచ్చే కారు నీకు 35, 40 మీటర్ల అవతల ఉండాలి. మామూలు కారు పొడవు 4 మీటర్లనుకుంటే, పది కార్లు వరుసగా పెట్టినంత దూరం. 30 మైళ్లతో వస్తుంటే అది చాలదు, 50 మీటర్లు దాటాలి. నీ వ్యాన్ పది కార్ల దూరంలోనే ఉండి ఉంటుంది, కానీ వేగంగా వచ్చి ఉంటుంది.

ఈ లెక్కని స్టీరింగ్ ముందు కూర్చుని వేయలేవు. అందుకే కారు దిగి నేర్చుకోమంటాను. నా దగ్గర నేర్చుకున్న ఒక నెల్లూరు అమ్మాయి, ఇక్కడ నర్సుగా చేస్తోంది, సరిగ్గా నీలాగే గీత దగ్గర బిగుసుకుపోయేది. స్టీరింగ్‌ని ఎంత గట్టిగా పట్టుకునేదంటే వేళ్ల కణుపులు తెల్లబడేవి. ఒకరోజు పాఠం మధ్యలో కారు పక్క వీధిలో పార్క్ చేయించి, ఇద్దరం రౌండబౌట్ పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. కుడి వైపు నుంచి కారు ఒక లైట్ స్తంభం దాటగానే తను పైకి లెక్కపెట్టాలి, ఆ కారు మా ముందుకి వచ్చేదాకా. "ఒకటి, రెండు, మూడు." మూడు దగ్గరే వచ్చేసింది. "దీనికి వెళ్లకూడదు." తర్వాతి కారు నాలుగున్నర. "దీనికి వెళ్లొచ్చు." ఇరవై నిమిషాలు నిలబడ్డాం. చివరికి వచ్చేసరికి లెక్క మానేసింది, కారు స్తంభం దగ్గరికి రాకముందే "వెళ్లొచ్చు", "వద్దు" అని చెప్పేస్తోంది. కాళ్ల కింద క్లచ్ లేదు, వెనక హారన్ లేదు, పక్కన ఎగ్జామినర్ లేడు. కళ్లు ఒక్కటే పని చేస్తున్నాయి. నీకు మొదట కావాల్సింది అదే. ఏదైనా పని మీద బయటికి వెళ్లినప్పుడు నువ్వూ పది నిమిషాలు అలా నిలబడి చూడు.

మీ వారు నడుపుతున్నప్పుడు పక్క సీట్లో కూర్చుని కూడా ఇదే చెయ్యి. రౌండబౌట్ దగ్గరికి వస్తుండగా, ఆయన వెళ్లకముందే, "ఇప్పుడు" అని పైకి అను. ఆయన వెళ్లిన క్షణానికీ నీ మాటకీ తేడా ఎంతో చూసుకో. వారం రోజుల్లో ఆ తేడా తగ్గడం నీకే తెలుస్తుంది.

ఇక కారులో. చూడటం గీత దగ్గర మొదలుపెట్టొద్దని అన్నాను కదా. రౌండబౌట్ కనిపించగానే మిర్రర్, ఇండికేటర్, లేన్, ఇవన్నీ ముందే అయిపోవాలి. గీతకి ఐదారు కార్ల దూరంలో ఉండగానే సెకండ్ గేర్‌లోకి వచ్చి, మెల్లగా దొర్లుతూ, కుడి వైపు చూపు మొదలవ్వాలి. అక్కడ గీత ఉన్నది దారి ఇవ్వమని. ఎవరూ రాకపోతే ఆగాల్సిన పనే లేదు. కదులుతున్న కారుకి కావాల్సిన గ్యాప్, ఆగిన కారుకి కావాల్సిన గ్యాప్ కన్నా చిన్నది. అందుకే మెల్లగా కదులుతూ రావడం నీకు లాభం. అయితే కొన్ని చోట్ల చెట్లో, కంచెలో అడ్డుండి గీత దాకా వస్తే గానీ కుడి వైపు కనిపించదు. అక్కడ ఆగడానికి సిద్ధపడే రా. కనిపించకపోతే గ్యాప్ లేనట్టే.

కుడి వైపు చూడటం అంటే లోపల తిరిగే బండ్లని మాత్రమే చూడటం కాదు. నీకు కుడి పక్కన ఉన్న రోడ్డు మీద లోపలికి రావడానికి సిద్ధంగా ఉన్న బండిని కూడా చూడాలి. నీకు దారి ఇవ్వాల్సిన బాధ్యత దానికి లేదు, దానికి ఇవ్వాల్సిన బాధ్యత నీకుంది. కానీ ఆ బండికీ ఒక కుడి వైపు ఉంటుంది! ఇదే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నీ ఎదురు రోడ్డు నుంచి ఒక కారు వచ్చి, నీ రోడ్డులోకే దిగబోతోందనుకో. అది నీ కుడి పక్క రోడ్డు ముందు నుంచి వెళ్తున్నంత సేపూ అక్కడున్నవాళ్లు కదలలేరు. ఆ కారు నీ ముందుకి రాకుండానే నీ రోడ్డులోకి దిగిపోతుంది. ఆ కొద్ది క్షణాలు నీవే. అనుభవం ఉన్నవాళ్లు రద్దీలో కూడా సునాయాసంగా వెళ్లిపోతున్నట్టు అనిపించడానికి కారణం ఇది. వాళ్లు గ్యాప్ కోసం ఎదురుచూడటం లేదు, గ్యాప్ ఎక్కడ తయారవుతోందో చూస్తున్నారు. అలాంటి కారు రావడం కనిపించగానే క్లచ్‌ని బైటింగ్ పాయింట్‌కి, అంటే కారు కదలబోయే చోటుకి, తెచ్చి పెట్టుకో. గ్యాప్ వచ్చాక క్లచ్ వెతుక్కుంటే అది నిన్ను దాటిపోతుంది.

ఆ కారు నీ రోడ్డులోకే దిగుతుందని ఎలా తెలుస్తుంది? ఎడమ ఇండికేటర్ ఒక్కదాన్నే నమ్మకు. ఆపడం మర్చిపోయి తిరుగుతుంటారు, ఒక ఎగ్జిట్ ముందే వేసేస్తుంటారు. ముందు చక్రాలు చూడు. చక్రాలు ఎడమకి తిరిగాయా, వేగం తగ్గిందా, కారు బయటి వైపుకి జరిగిందా? ఇండికేటర్‌కి తోడు వీటిలో ఒకటైనా కనిపించాకే కదులు. ఎవరైనా లైట్లు కొట్టి రమ్మన్నట్టు సైగ చేసినా దాన్ని అనుమతిగా తీసుకోకు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం లైట్లు కొట్టడానికి ఉన్న అర్థం "నేనిక్కడ ఉన్నాను" అని మాత్రమే.

ఇంకొకటి, ఇది నాకు జరిగింది. నేను నేర్చుకుంటున్న రోజుల్లో నా ముందు ఒక ఎర్ర కారు గీత దగ్గర ఉంది. అది కదిలింది. నేను కుడి వైపు చూశాను, ఖాళీగా ఉంది, నేనూ కదిలాను. ఆ కారు రెండడుగులు వేసి మళ్లీ ఆగిపోయింది. నేను ఇంకా కుడి వైపే చూస్తున్నాను. వెళ్లి దాని వెనక తగిలించాను. లోపలున్న పెద్దావిడ మెడ పట్టుకుని దిగడం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. అదృష్టం బాగుండి ఆవిడకి ఏమీ కాలేదు. ముందు కారు వెళ్లిపోయిందని కళ్లతో చూసుకున్నాకే నీ కాలు కదలాలి. ముందు కారు వెళ్లింది కదా అని దాని వెనకే వెళ్లడం కూడా అంతే ప్రమాదం. ఆ గ్యాప్ వాళ్లది. నీ గ్యాప్ నువ్వు చూసుకోవాలి.

సైకిల్, మోటార్ సైకిల్ వాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కారు ముందు అద్దం పక్కన ఉండే స్తంభం ఒక మనిషిని పూర్తిగా దాచేస్తుంది. చూసేటప్పుడు ఒంటిని కాస్త ముందుకి, వెనక్కి కదిలించి చూడు. సైకిల్ వాళ్లు కుడి వైపు రోడ్డుకి వెళ్లాల్సి ఉన్నా ఎడమ లేన్‌లోనే చుట్టూ తిరగొచ్చు. ఎడమ లేన్‌లో ఉన్నారు కదా, దిగిపోతారులే అనుకోవద్దు. పెద్ద లారీలకి ఒక లేన్ చాలదు, వాటి పక్కన దూరొద్దు.

స్విండన్ అంటే అందరికీ గుర్తొచ్చేది మ్యాజిక్ రౌండబౌటే. నీ ఉత్తరంలో దాని పేరు లేదు కానీ నీ మనసులో ఉండే ఉంటుంది. 1972లో కట్టారు. ఐదు మినీ రౌండబౌట్లు ఒక పెద్ద చక్రంలా ఉంటాయి, బయటి వరుస గడియారం ముల్లు తిరిగే వైపు, లోపలి వరుస దానికి ఎదురుగా తిరుగుతుంది. మొత్తాన్ని ఒకేసారి చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. మొత్తాన్ని చూడకు. నీ ముందున్న ఒక్క చిన్న చక్రాన్నే చూడు. దాని దగ్గర నియమం మామూలుదే, కుడి వైపు వాళ్లకి దారి ఇవ్వు. అది అయ్యాక తర్వాతి చక్రం. ఒకటే గుర్తుంచుకో, మినీ రౌండబౌట్ చిన్నది కాబట్టి అందరూ తొందరగా వచ్చేస్తారు, ఆలోచించే టైమ్ తక్కువ. అక్కడికి ఇంకా మెల్లగా రావాలి. మధ్యలో తెల్ల బొట్టు ఉన్నా దాని మీద నుంచి వెళ్లకూడదు, చుట్టూ తిరిగే వెళ్లాలి.

వెనక నుంచి హారన్ కొడితే? చాలామంది తప్పులు ఆ హారన్ తర్వాతి సెకనులోనే జరుగుతాయి. హారన్ కొట్టినవాడికి నీ కుడి వైపు కనిపించడం లేదు, నీకు కనిపిస్తోంది. ఎల్ ప్లేట్ నీ కారు ముందూ వెనకా ఉంది, వాళ్లకి తెలుసు. కుడి వైపు చూపు తిప్పకుండా నీ లెక్క నువ్వు చూసుకో.

టెస్ట్ గురించి ఒక చిన్న ధైర్యం. ఒక గ్యాప్ వదిలేశావని ఎవరూ ఫెయిల్ చేయరు. చిన్న తప్పులు 15 దాకా ఉన్నా పాసవుతావు. ఫెయిల్ చేయడానికి పెద్ద తప్పు ఒక్కటి చాలు, ఇంకొకరితో బ్రేక్ వేయించడం అందులోకి వస్తుంది. వరసగా మంచి గ్యాప్‌లు వదులుకుంటూ కూర్చుంటే అదీ పెద్ద తప్పవుతుంది. కాబట్టి అనుమానం వస్తే ఆ ఒక్క గ్యాప్ వదిలెయ్. కానీ వెంటనే తర్వాతి దాని మీద చూపు పెట్టు. వదిలేసిన దాని గురించి బాధపడుతూ కూర్చుంటే రెండోదీ పోతుంది.

ప్రాక్టీస్ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టు, రోడ్లు ఖాళీగా ఉంటాయి. అదే రౌండబౌట్‌లోకి నాలుగు రోడ్ల నుంచీ రా. ఎగ్జిట్ తప్పిపోతే ఇంకో చుట్టు తిరుగు, అది తప్పేమీ కాదు. తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాతే స్కూళ్లు వదిలే టైమ్. మీ వారితో వెళ్లేటట్టయితే ఆయనకి 21 ఏళ్లు దాటి, ఫుల్ లైసెన్స్ వచ్చి మూడేళ్లయి ఉండాలి. ఇన్సూరెన్స్‌లో నీ పేరు కూడా ఉండాలి. ఇది చూసుకోకుండా బయలుదేరకండి.

ఆటోమేటిక్ సంగతి. నీ కష్టం కాళ్లలో ఉంటే నేనూ మారమనేదాన్ని. కారు ఆగిపోయిందని, క్లచ్ అందలేదని నువ్వు ఎక్కడా రాయలేదు. ఆటోమేటిక్‌లో కూడా ఆ వ్యాన్ అంతే దూరంలో, అంతే వేగంతో వస్తుంది. పైగా ఆటోమేటిక్‌లో పాసైతే గేర్లున్న మాన్యువల్ నడపడానికి మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి. కాకపోతే థియరీ పాసైన రెండేళ్లలోపు డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి, ఆ గడువు నీకు ఆరు నెలల్లోపే ఉంది. అందుకని టెస్ట్ స్లాట్ కోసం ఈ రోజే చూడు. ఫుట్‌పాత్ మీద నిలబడటం ఈ వారంలో, ఆదివారం రౌండబౌట్లు వచ్చే నెలంతా. నెల తర్వాత కూడా కళ్లు "ఇప్పుడు" అంటుంటే కాళ్లు కదలకపోతే, అప్పుడు మీ వారి మాట విను.